చదువుతుంటే నవ్వు ఎక్కడో ఆగిపోయే నవలలు: మీరు చదివినవి చెప్పండి

పేజీమడత:

జోసెఫ్ హెల్లర్ నవల ‘క్యాచ్-22’ (1961), దానికి దగ్గరగా వచ్చే పుస్తకాల గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. జోకుల పుస్తకాల సంగతి కాదు నేనడిగేది. మొదట పడీపడీ నవ్వించి, అదే గొంతుతో చెప్పుకుపోతూ, మనం ఏ పేజీలో నవ్వడం మానేశామో కూడా తెలియనివ్వని నవలలు కావాలి. కథలు విప్పి మాట్లాడుకోవాలి కాబట్టి స్పాయిలర్లు పడనివాళ్ళు ఇక్కడే ఆగండి.

ఉదాహరణకి డాక్ డనీకా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళంలో డాక్టరు. విమానం ఎక్కాలంటే ఆయనకి ప్రాణభయం. కానీ నెలకి కొన్ని గంటలు గాల్లో ఉన్నట్టు రికార్డుంటేనే ఫ్లయింగ్ అలవెన్సు వస్తుంది. అందుకని తాను ఎక్కని విమానం లాగ్‌లో తన పేరు రాయించుకుంటూ ఉంటాడు. ఒకరోజు మెక్‌వాట్ అనే పైలట్ తన విమానాన్ని కొండకేసి గుద్దేస్తాడు. లాగ్‌లో డనీకా పేరుంది. డనీకా మాత్రం కింద అందరి మధ్యా నిలబడి ఆ విమానాన్నే చూస్తున్నాడు. అయినా కాగితం ప్రకారం పోయాడు. నేను బతికే ఉన్నానయ్యా అంటే సార్జెంట్ టౌజర్ ఎంతో మర్యాదగా నచ్చజెబుతాడు: మీరు పోయారు సార్, మీకెప్పుడూ చలేస్తుండటానికి కారణం బహుశా అదే. జీతం ఆగిపోతుంది, రేషను ఆగిపోతుంది.

ఇంటి దగ్గర భార్యకి టెలిగ్రాం వెళ్తుంది. ఆవిడ గుండెలవిసేలా ఏడుస్తుంది. తర్వాత బతికే ఉన్నానని భర్త చేతిరాతతో ఉత్తరం వస్తుంది. ఆ సంతోషంలో పైవాళ్ళకి రాస్తే, ఆ ఉత్తరం ఎవరో దొంగతనంగా రాసి ఉంటారని జవాబు. ఈలోగా పెన్షన్లు, ఇన్సూరెన్సు డబ్బులు ఒకదాని వెంట ఒకటి రావడం మొదలవుతుంది. ఆఖరికి డనీకా పై అధికారి కర్నల్ క్యాత్‌కార్ట్ సంతాప లేఖ. శ్రీమతి, శ్రీ, కుమారి, లేక శ్రీ మరియు శ్రీమతి డనీకా అని సంబోధన. పోయింది భర్తో కొడుకో తండ్రో అన్నదమ్ముడో, అందులో ఏదీ కొట్టెయ్యకుండా పంపిన ఫారం. అది చదివి ఆవిడ పిల్లల్ని తీసుకుని లాన్సింగ్ అనే ఊరికి వెళ్ళిపోతుంది. కొత్త అడ్రసు ఎవరికీ ఇవ్వదు.

ఫారం దగ్గర నేను గట్టిగా నవ్వాను. లాన్సింగ్ దగ్గర నవ్వలేకపోయాను. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క పేరా. హెల్లర్ గొంతు అంగుళం కూడా మారలేదు. ఇది ఎలా చేశాడు? ఇంకెవరు చేశారు?

రాత్రిదీపం:

మంచి చర్చ పెట్టారు. నా ఓటు కాఫ్కా ‘ద ట్రయల్’కి. కాఫ్కా అనగానే అందరూ మొహాలు గంభీరంగా పెట్టేస్తారు కానీ, ఆయన మొదటి అధ్యాయం స్నేహితులకి చదివి వినిపిస్తూ తానే నవ్వు ఆపుకోలేకపోయాడని ఆయన స్నేహితుడు మాక్స్ బ్రాడ్ రాశాడు. ఆ మొదటి అధ్యాయం చూడండి. జోసెఫ్ కె. పుట్టినరోజు పొద్దున్నే ఇద్దరు కాపలావాళ్ళు గదిలోకి వచ్చి అరెస్టయ్యావంటారు. ఎందుకో వాళ్ళకీ తెలియదు. అతని టిఫిను వాళ్ళు తినేస్తారు. నీ లోదుస్తులు మాకిచ్చెయ్యి, స్టోర్‌కి పంపితే అక్కడ మాయమైపోతాయి, మా దగ్గరుంటే భద్రం అని సలహా ఇస్తారు. ఇంత జరిగాక, అరెస్టయినా రోజూ లాగే ఆఫీసుకి వెళ్ళొచ్చంటారు.

కాఫ్కా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడన్నది మర్చిపోకూడదు. యంత్రంలో చెయ్యి పోయిన మనిషి ఫైలుగా మారి బల్ల మీదికి ఎలా వస్తాడో ఆయన రోజూ చూశాడు. ఊహించి రాశాడంటే నేను ఒప్పుకోను. చూసిందే రాశాడు.

తిరగలి:

రాత్రిదీపం గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. కాఫ్కా గొప్పవాడే, కానీ వ్యంగ్య నవల అనాలంటే దెబ్బ ఎవరికి తగులుతోందో తెలియాలి. ‘ద ట్రయల్’లో కోర్టు ఏ దేశానిదో, ఏ చట్టానిదో తెలియదు. అది పీడకల. వ్యంగ్యానికి చిరునామా ఉండాలి.

గొగోల్ ‘మృతజీవులు’ (1842) తీసుకోండి. అప్పటి రష్యాలో భూస్వామి తన బానిస రైతులకి తలపన్ను కట్టాలి. జనాభా లెక్కలు చాలా ఏళ్ళకొకసారి తీసేవారు. మధ్యలో చనిపోయినవాడు తర్వాతి లెక్క వరకూ కాగితం మీద బతికే ఉంటాడు, వాడి పన్ను యజమాని నెత్తినే పడుతుంది. కథానాయకుడు చిచికోవ్ కనిపెట్టింది ఈ సందునే. చచ్చినవాళ్ళని చవగ్గా కొని, బతికున్నవాళ్ళుగా చూపించి, తాకట్టు పెట్టి సర్కారు దగ్గర అప్పు తీసుకోవాలని ప్లాను. ఇందులో కల్పన ఏమీ అక్కర్లేదు. ఉన్న నిబంధనని ఉన్నట్టు వాడుకోవడమే.

బేరాలు చూడండి. కొరోబోచ్కా అనే ముసలావిడకి చచ్చినవాళ్ళని అమ్మడం తప్పా ఒప్పా అన్న బెంగ లేదు. మార్కెట్లో రేటు ఎంతుందో తెలియకుండా మోసపోతానేమో అన్నదే బెంగ. సొబకేవిచ్ అనే భూస్వామి అయితే తలకి వంద రూబుళ్ళు అడిగి, సరుకుని పొగడటం మొదలుపెడతాడు. మా వడ్రంగి స్టెపాన్ ప్రోబ్కా లాంటి బలశాలి ఎక్కడ దొరుకుతాడు, మా చెప్పులు కుట్టేవాడి చేతిపని చూశావా అని. వాళ్ళు పోయారు కదా అని చిచికోవ్ గుర్తుచేస్తే, ఆ, పోయారనుకోండి, బతికున్నవాళ్ళు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నారు అంటాడు. బేరం చివరికి రెండున్నర రూబుళ్ళ దగ్గర తెగుతుంది.

కొడవటిగంటి కుటుంబరావు గారి తెలుగు అనువాదం ఉంది. దొరికితే వదలకండి.

పేజీమడత:

తిరగలి గారూ, డనీకా బతికుండి కాగితం మీద పోయాడు, స్టెపాన్ పోయి కాగితం మీద బతికున్నాడు. రెండు పుస్తకాల మధ్యా 119 ఏళ్ళ దూరం ఉంది. మీరు చెప్పేదాకా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను.

కొత్తకళ్ళజోడు:

నాదొక సందేహం. కోపంతోనే అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు ఇలాంటి నవలలు ఎవరికి అవసరం? ఫోన్ తెరిస్తే చాలు, ఏ రచయితా ఊహించలేని వార్తలు. నేరుగా జరుగుతున్న దాన్ని మించి పెంచి చెప్పడానికి ఏం మిగిలింది? చదువుతుంటే ఇంతేనా అనిపిస్తోంది నాకు.

మార్జిన్‌నోట్:

కొత్తకళ్ళజోడు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ సరిగ్గా ఇదే బాధతో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో రోజూ జరిగేది రచయిత ప్రతిభని దాటిపోతోందని, పేపర్లో కనిపించే మనుషుల్ని ఏ నవలాకారుడూ కల్పించలేడని. అది ‘కామెంటరీ’ పత్రికలో అచ్చయింది 1961 మార్చిలో. ‘క్యాచ్-22’ వచ్చింది అదే ఏడాది చివర్లో.

వాస్తవంతో పోటీపడి ఇంకా పెద్దగా అరవాలనుకునే నవల ఓడిపోతుంది, నిజమే. హెల్లర్ ఆ పోటీలోకే దిగలేదు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో బాంబార్డియర్‌గా, అంటే విమానంలోంచి బాంబులు వేసేవాడిగా, 60 మిషన్లు (దాడికి వెళ్ళొచ్చే ప్రయాణాలు) ఎగిరినవాడు. ఏ నిబంధన ఎవర్ని చంపుతుందో లోపలి నుంచి తెలుసు. వార్త మనకి ఫలితం చూపిస్తుంది. అక్కడిదాకా తీసుకొచ్చిన ఫారాలు, సంతకాలు, మంచి మనసుతోనే అన్న మాటలు, ఇవన్నీ వరసగా చూపించడానికి నవల కావాలి. ఫోన్‌లో వార్త చదివి ఛీ అని పక్కన పెట్టేస్తాం. డనీకా భార్య మాత్రం మనతో ఉండిపోతుంది.

ఇంకో సంగతి. డాన్ డెలిల్లో ‘వైట్ నాయిస్’ (1985) చదవండి. రైలు ట్యాంకర్ పగిలి విషవాయువు మేఘంలా లేస్తుంది, ఊరు ఖాళీ చేయిస్తారు. జాక్ గ్లాడ్నీ అనే ప్రొఫెసరు పెట్రోలు కొట్టించుకోవడానికి రెండున్నర నిమిషాలు కారు దిగుతాడు. శిబిరంలో పరీక్షచేసే కుర్రాడి చేతికి సిమ్యువాక్ అని పట్టీ ఉంటుంది. అంటే సిమ్యులేటెడ్ ఇవాక్యుయేషన్, ఉత్తుత్తి ప్రమాదాలకి రిహార్సల్ చేయించే విభాగం. ఇది నిజం ప్రమాదం కదా అని జాక్ అడుగుతాడు. అవును, రిహార్సల్‌కి నమూనాగా పనికొస్తుందని వచ్చాం అంటాడు ఆ కుర్రాడు. నిజం కావడం వల్ల బాధితులు తాము అనుకున్న చోట్ల పడి ఉండటం లేదని ఇబ్బంది కూడా చెప్పుకుంటాడు. తర్వాత జాక్ వివరాలు కంప్యూటర్‌లో కొడితే తెర మీద చుక్కలు మెరుస్తాయి. ఏమిటని అడిగితే, పదిహేనేళ్ళు గడిస్తే ఇంకాస్త తెలుస్తుందంటాడు.

ఈ నవల విడుదలకి కొద్ది వారాల ముందే, 1984 డిసెంబరులో, భోపాల్ విషవాయువు దుర్ఘటన జరిగింది. డెలిల్లో అప్పటికే పుస్తకం పూర్తి చేసేశాడు. వార్త నవలని దాటిపోతుందని మీరన్నారు. ఇక్కడ నవల వార్త కన్నా ముందే అక్కడికి చేరి కూర్చుంది.

ఎర్రసిరా:

అందరూ పడమటి పుస్తకాలే చెబుతున్నారు. శ్రీలాల్ శుక్ల హిందీ నవల ‘రాగ్ దర్బారీ’ (1968) మాటేమిటి? 1969లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. శుక్ల స్వయంగా ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వాధికారి. శివపాల్‌గంజ్ అనే పల్లె, కాలేజీ, కోఆపరేటివ్, పంచాయతీ, వీటన్నిటినీ తన అరుగు మీద నుంచే నడిపించే వైద్యజీ.

నాకు లంగడ్ కావాలి. కుంటుకుంటూ తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగే మనిషి. ఒక కాగితం నకలు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. గుమాస్తా ఐదు రూపాయలడిగాడు, ఇతను రెండిస్తానన్నాడు. మాటామాటా పెరిగింది. లంగడ్ ఒట్టు పెట్టుకున్నాడు, లంచం ఇవ్వను, రూలు ప్రకారమే నకలు తీసుకుంటాను అని. గుమాస్తా కూడా ఒట్టు పెట్టుకున్నాడు, లంచం తీసుకోను, రూలు ప్రకారమే నకలు ఇస్తాను అని. ఇంక ఆ నకలు ఎప్పటికి వస్తుంది? ప్రతి దరఖాస్తులోనూ ఏదో ఒక చిన్న లోపం దొరుకుతుంది. లోపం నిజంగానే ఉంటుంది.

నాకు ఒళ్ళు జలదరించింది ఇక్కడే. గుమాస్తా అబద్ధమాడటం లేదు. లంగడ్‌కి అతని మీద ద్వేషం లేదు. దీన్ని ధర్మయుద్ధం అనుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని ఆపి, కబుర్లు అడిగి, నవ్వుకుని పంపిస్తారు. చదువుతున్న మనమూ వాళ్ళతో కలిసి నవ్వుతాం. శుక్ల మనల్ని ఆ అరుగు మీద, ఆ గుంపులో కూర్చోబెట్టాడు. ఈ పని చిచికోవ్ కథలో గొగోల్ కూడా చెయ్యలేదనుకుంటాను.

తిరగలి:

ఎర్రసిరా గారూ, చివరి వాక్యం తప్ప అన్నీ ఒప్పుకుంటాను. గొగోల్ దగ్గర మళ్ళీ మాట్లాడతాను.

సన్నజాజి:

ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. ‘క్యాచ్-22’లో ఆడవాళ్ళు ఎక్కడున్నారు? నేట్లీ అనే కుర్ర పైలట్ ప్రేమించిన అమ్మాయికి పుస్తకం మొత్తంలో పేరే లేదు. ఇంత కరుణ ఉన్న రచయిత, కాగితం మనుషుల్ని ఎలా మింగేస్తుందో ఇంత బాగా చూసినవాడు, ఆ పిల్లకి ఒక పేరు పెట్టలేకపోయాడు. పుస్తకం నాకూ ఇష్టమే. ఇష్టం కాబట్టే ఇది ముల్లులా గుచ్చుకుంటుంది.

ఈ జాబితాలోకి మ్యూరియల్ స్పార్క్‌ని తీసుకురండి. ‘మెమెంటో మోరి’ (1959). ముసలివాళ్ళకి ఫోన్లు వస్తుంటాయి. నువ్వు చనిపోతావని గుర్తుంచుకో, అని చెప్పి పెట్టేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో గొంతులా వినిపిస్తుంది. డేమ్ లెటీ పోలీసుల చుట్టూ తిరుగుతుంది, వీలునామాలు మారుస్తూ ఉంటుంది, ఎవరి మీద పడితే వాళ్ళ మీద అనుమానం. చివరికి దొంగల చేతిలో చనిపోతుంది. జ్ఞాపకశక్తి తగ్గిపోతున్న పాత నవలా రచయిత్రి ఛార్మియన్‌కి అదే ఫోన్ వస్తే, నేను ఎన్నో ఏళ్ళుగా అప్పుడప్పుడూ ఆ సంగతి తలుచుకుంటూనే ఉన్నాను అని నెమ్మదిగా జవాబిస్తుంది.

పుస్తకం చిన్నది. వాక్యాలు చిన్నవి. ఎవర్నీ ఏడిపించడానికి ఒక్క మాట వాడదు.

రాత్రిదీపం:

మీ అందరి మాటలూ చదివాక ‘ద ట్రయల్’ మళ్ళీ తీశాను. తిరగలి గారూ, ఇది మీ కోసం.

మొదటి అధ్యాయంలో టిఫిను తిని, లోదుస్తులడిగిన ఇద్దరు కాపలావాళ్ళని తలుచుకుని నవ్వాం కదా. కె. మొదటి విచారణలో నిలబడి వాళ్ళ మీద ఫిర్యాదు చేస్తాడు. మనం చప్పట్లు కొట్టే ఉపన్యాసం అది. కొన్ని రోజుల తర్వాత అతను తన బ్యాంకులో పాత సామాను గది తలుపు తీస్తాడు. లోపల ఆ ఇద్దరినీ కొరడాతో కొట్టడానికి ఒకడు నిలబడి ఉన్నాడు. నువ్వు ఫిర్యాదు చేసినందుకే మాకీ శిక్ష, అంటారు వాళ్ళు. చాలీచాలని జీతం, పెళ్ళాం పిల్లలు, ఆ బట్టలు తీసుకోవడం కాపలావాళ్ళకి మొదటి నుంచీ ఆనవాయితీ అని చెప్పుకుంటారు. కె. లంచమిచ్చి ఆపబోతాడు. కొట్టేవాడు ఒప్పుకోడు. ఒకడు గావుకేక పెడతాడు. బ్యాంకు నౌకర్లు వస్తారేమోనన్న భయంతో కె. తలుపు మూసేస్తాడు. మర్నాడు మళ్ళీ తీస్తే, ఆ ముగ్గురూ అక్కడే, అలాగే ఉన్నారు.

మొదటి అధ్యాయంలోని జోకు ఐదో అధ్యాయంలో బాకీ వసూలుకి వచ్చింది. మీరడిగిన చిరునామా ఇదే అనుకుంటున్నాను. అది కె.ది.

పేజీమడత:

రాత్రిదీపం గారూ, ఆ ‘బాకీ వసూలు’ మాట చూశాక నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే ఉంది. ‘క్యాచ్-22’లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది.

మైలో మైండర్‌బైండర్ మెస్ ఆఫీసర్. గుడ్ల వ్యాపారంతో మొదలుపెట్టి ఎం అండ్ ఎం ఎంటర్‌ప్రైజెస్ అనే సిండికేట్ పెడతాడు. అందరికీ వాటా ఉందంటాడు. పారాచూట్ల పట్టు అమ్మేస్తాడు. లైఫ్‌జాకెట్లలోని గ్యాస్ సిలిండర్లు ఐస్‌క్రీమ్ సోడాలకి వాడేస్తాడు. ఆఖరికి జర్మన్లతో కాంట్రాక్టు కుదుర్చుకుని సొంత స్థావరం మీదే బాంబులు వేయిస్తాడు. లెక్కల పుస్తకాలు తెరిచి లాభం చూపించేసరికి గొడవ సద్దుమణుగుతుంది. ఇదంతా నవ్వుతూనే చదువుతాం.

ఇంకోపక్క స్నోడెన్ అనే కుర్రాడి చావు. నవల మొదటి నుంచీ ముక్కలు ముక్కలుగా వస్తుంటుంది. ఒకచోట ఒక వాక్యం, ఇంకోచోట రెండు. పూర్తిగా తెలిసేది 41వ అధ్యాయంలో. మొత్తం ఉన్నవి 42. నవల నాయకుడు యొసేరియన్ అతని తొడ గాయానికి ఎంతో శ్రద్ధగా, ట్రైనింగ్‌లో చెప్పినట్టే కట్టు కడతాడు. నొప్పి తగ్గించడానికి ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే మార్ఫిన్ ఉండదు. దాని చోట ఒక చీటీ ఉంటుంది, ఎం అండ్ ఎం ఎంటర్‌ప్రైజెస్‌కి ఏది మంచిదో దేశానికి అదే మంచిదని. అసలు గాయం కవచం కింద ఉందని అప్పటికింకా అతనికి తెలియదు.

నాలుగు వందల పేజీలుగా మనల్ని నవ్వించిన మైలో ఆ డబ్బాలో ఉన్నాడు. హెల్లర్ గొంతు మార్చనక్కర్లేకపోవడానికి కారణం ఇదే అనిపిస్తోంది. భయానకమైన సంగతి కొత్తగా ఏదీ తీసుకురాలేదు. మనం నవ్విన దాన్నే తిప్పి మన ముందు పెట్టాడు.

తిరగలి:

ఇప్పుడు గొగోల్ దగ్గరికి వస్తాను. సొబకేవిచ్ పొగిడిన వడ్రంగి స్టెపాన్ ప్రోబ్కా గుర్తున్నాడు కదా. ఏడో అధ్యాయంలో చిచికోవ్ కొన్న పేర్ల జాబితా ముందేసుకుని కూర్చుంటాడు. సొబకేవిచ్ ప్రతి పేరు పక్కనా వాడి పనితనం రాసిచ్చాడు, సరుకు నాణ్యత చూపించుకోవడానికి. అవి చదువుతుంటే ఈ మోసగాడికి ఆ మనుషులు కళ్ళకి కట్టడం మొదలవుతుంది. స్టెపాన్ నడుముకి గొడ్డలి దోపుకుని ఊళ్ళన్నీ తిరిగి ఉంటాడు, చర్చి పైకప్పు దగ్గర పనిచేస్తూ జారిపడి ఉంటాడు, పక్కనున్న మిఖేయ్ మామ తల గోక్కుని, నడుముకి తాడు కట్టుకుని అతని చోటికి ఎక్కి ఉంటాడు అని ఊహించుకుంటాడు.

అక్కడ బేరంలో సరుకుగా నవ్వు పుట్టించినవాడు ఇక్కడ మనిషయ్యాడు. అదీ ఎవరి కళ్ళకి? కొన్నవాడి కళ్ళకి. రాత్రిదీపం గారూ, ఆ సామాను గది చూశాక కాఫ్కా మీద నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. గొగోల్, కాఫ్కా ఒకే బడిలో చదువుకున్నారు.

సన్నజాజి:

ఈ సూత్రం బాగుంది కానీ అన్నిటికీ అతికించొద్దు. సయాకా మురాతా ‘కన్వీనియన్స్ స్టోర్ ఉమన్’లో (2016లో అకుతాగవా బహుమతి వచ్చింది) ఏ జోకూ తిరిగి రాదు, ఎవరూ చావరు. కథానాయిక కెయికోకి 36 ఏళ్ళు. 18 ఏళ్ళుగా ఒకే దుకాణంలో పార్ట్‌టైమ్. చిన్నప్పుడు పార్కులో చచ్చిపడిన చిన్న పిట్టని చూసి పిల్లలంతా ఏడుస్తుంటే, నాన్నకి కాల్చిన మాంసం ఇష్టం కదా, తీసుకెళ్దాం అంటుంది. ఆ పిల్ల ఎవర్నీ బాధపెట్టాలని అనుకోలేదు. మనుషులు ఎప్పుడు ఏడవాలో, ఎప్పుడు తినాలో ఎవరు నిర్ణయించారో ఆమెకి తెలియదు, అంతే.

పెద్దయ్యాక తోటి ఉద్యోగినుల మాటతీరు, బట్టలు గమనించి, అవే నేర్చుకుని మామూలు మనిషిలా చలామణి అవుతుంది. పెళ్ళెప్పుడు, మంచి ఉద్యోగమెప్పుడు అని చుట్టూ ఉన్నవాళ్ళు నిలదీస్తూనే ఉంటారు. నవల చివర్లో ఆమె దుకాణాన్నే ఎంచుకుంటుంది, నిజంగానే సంతోషంగా ఉంటుంది. నాకు భయం వేసింది ఆ సంతోషాన్ని చూసి కాదు. ఆమెని బాగుచెయ్యాలని వచ్చినవాళ్ళందరిలోనూ నా మాటలు వినిపించాయి, అందుకు.

ఆఫీసుమెట్లు:

చాలాకాలంగా మీ చర్చలు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. లింగ్ మా ‘సెవరెన్స్’ (2018) ఎవరూ చెప్పలేదని వచ్చాను. కోవిడ్‌కి ముందే వచ్చిన మహమ్మారి నవల. జబ్బు చేసినవాళ్ళు తమకి అలవాటైన పనిని పదేపదే చేస్తూ పోతారు. ఒక ఇంట్లో కుటుంబమంతా బల్ల సర్ది, ప్రార్థన చేసి, ఖాళీ పళ్ళేల్లో తిన్నట్టు తిని, గిన్నెలు తీసి, మళ్ళీ సర్దుతుంటారు. కథానాయిక క్యాండెస్‌కి జబ్బు రాలేదు. బైబిళ్ళ ముద్రణ చూసుకునే ఉద్యోగం ఆమెది. ఫలానా తేదీ దాకా ఆఫీసుకి వస్తే పెద్ద మొత్తం ఇస్తామని కంపెనీ కాంట్రాక్టు రాయించుకుంటుంది. న్యూయార్క్ ఖాళీ అయిపోతుంది, మెయిళ్ళకి జవాబిచ్చేవాళ్ళు లేరు, ఆమె రోజూ వెళ్తూనే ఉంటుంది.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో, మానేసి వెళ్ళిపోయిన సహోద్యోగి పేరు సాఫ్ట్‌వేర్‌లో అలాగే ఉండిపోయింది. కొత్త పనులు అతనికే కేటాయింపయ్యేవి. గడువు దాటిందని అతని పేరు మీద ఎర్ర అక్షరాలతో రిమైండర్లు మా అందరికీ వచ్చేవి. తీసేయమని అడిగితే, ఆ రిక్వెస్టు అతని లాగిన్ నుంచే రావాలన్నారు. టీమ్‌లో అందరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత ఒకరోజు వారం సమీక్షలో అతని పెండింగ్ పనులకి మా జూనియర్ అమ్మాయిని తిట్టారు. ఆ పిల్ల ఏడుస్తూ బాత్రూమ్‌కి వెళ్ళింది. పేజీమడత గారు రాసిన ‘లాన్సింగ్ దగ్గర నవ్వలేకపోయాను’ అన్న మాట చదివినప్పుడు నాకు ఆ మీటింగే గుర్తొచ్చింది.

మార్జిన్‌నోట్:

ఆఫీసుమెట్లు గారూ, మీరు రాయడం మొదలుపెట్టడం చాలా సంతోషం. ‘క్యాచ్-22’లో మీ సహోద్యోగికి అన్నదమ్ముడున్నాడు, మడ్ అని. స్థావరానికి వచ్చీ రాగానే, రిపోర్టు చెయ్యకముందే మిషన్‌కి పంపితే చనిపోయాడు. కాగితం మీద రానే లేదు కాబట్టి అతని సామాను యొసేరియన్ గుడారంలోంచి తీయించడానికి ఎవరికీ అధికారం లేదు. మీ జూనియర్ ఏడ్చిన మీటింగుని హెల్లర్ వదిలిపెట్టేవాడు కాదు.

ఎర్రసిరా:

బ్రెజిల్ రచయిత మషాదో ది అసిస్ ‘ద ఏలియనిస్ట్’ని (1882) కూడా కలపండి, చాలా చిన్నది. ఒక డాక్టరు ఊళ్ళో పిచ్చాసుపత్రి కట్టి, శాస్త్రం ప్రకారం ఒక్కొక్కర్నీ లోపల పెడుతూ పోతాడు. ఊళ్ళో ఐదింట నాలుగు వంతుల మంది లోపలికి చేరాక లెక్క చూసుకుంటాడు. ఇంతమంది ఇలా ఉంటే ఇదే మామూలు అయ్యుండాలి కదా అని, వాళ్ళని వదిలేసి, ఏ లోపమూ లేనివాళ్ళని పట్టడం మొదలుపెడతాడు. చివరికి ఎవరు మిగులుతారో చదివి తెలుసుకోండి.

కొత్తకళ్ళజోడు:

అందరికీ ధన్యవాదాలు. మార్జిన్‌నోట్ గారి జవాబు గట్టిగానే తగిలింది. ‘వైట్ నాయిస్’ తెప్పించుకుంటున్నాను. కానీ ‘క్యాచ్-22’ని ఇదివరకు సగంలో వదిలేశాను. ఎవరు ఎప్పుడు చనిపోయారో, ఏది ముందో ఏది వెనకో అర్థం కాక. ఎలా చదవాలో చెబుతారా?

పేజీమడత:

మిషన్ల సంఖ్య పట్టుకోండి. ఇన్ని మిషన్లు ఎగిరితే ఇంటికి పంపుతామని నిబంధన. కర్నల్ క్యాత్‌కార్ట్ ఆ సంఖ్యని పెంచుతూనే ఉంటాడు. నలభై, నలభై ఐదు, యాభై, అలా ఎనభై దాకా పోతుంది. హెల్లర్ తేదీలు చెప్పడు కానీ, ఈ సంఖ్య మాత్రం తరచూ చెబుతాడు. అది కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో పక్కన గుర్తు పెట్టుకుంటే ఏ సంఘటన ఏ కాలంలో జరిగిందో మీకే తెలిసిపోతుంది. అధ్యాయాలకి ఎక్కువగా మనుషుల పేర్లే ఉంటాయి, ఆ మనిషి కథే అందులో ఉంటుందని మాత్రం అనుకోకండి.

స్నోడెన్ పేరు వచ్చిన ప్రతి పేజీ నంబరూ వెనక అట్ట లోపల రాసుకోండి. 41వ అధ్యాయం చదివిన వెంటనే ఆ పేజీలన్నీ ఒకసారి తిరగేసి చూడండి. తర్వాత ఇక్కడికి వచ్చి ఏమనిపించిందో రాయండి, ఎదురుచూస్తుంటాను.